యాహూ బాబాయి

రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ చుట్టుపక్కల తెలుగువాళ్లలో యాహూ బాబాయిలు వీధికొకరు దొరుకుతారు. వ్యాగన్ రిపేర్ షాపులో రిటైరైన మనిషి. శ్రీకాకుళం యాస పోలేదు, రెండు మాటలకోసారి ‘అరే భాయ్’ అనడమూ మానలేదు.

మహా జాగ్రత్తపరుడు. గేటుకి తాళం, గ్రిల్లుకి తాళం, బీరువాకి తాళం, బీరువా తాళంచెవి దాచిన డబ్బాకి ఇంకో తాళం. ఏటీఎంలో వెనకున్నవాణ్ణి రోడ్డు మీదికి పంపితే గానీ పిన్ను నొక్కరు. ఓటీపీ అడిగినవాణ్ణి తిట్టడం తెలుగులో మొదలెట్టి ఛత్తీస్‌గఢీలో ముగిస్తారు.

ఇంతటివారికీ ఫేస్‌బుక్కు నుంచి రైలు టికెట్ల దాకా అన్నీ వేలాడేది ఒక్క పాత యాహూ మెయిలు మీద. ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ఏర్పడింది. తన మెయిలు దానికి తమ్ముడంటారు. పుట్టించిందీ పాస్‌వర్డ్ పెట్టిందీ నెట్ సెంటర్ కుర్రాడు. ‘సచివాలయమే నవా రాయపూర్ పోయింది, నా అడ్రసు మారిందిట్రా?’ అని సవాలు. అది తెరిచి ఎన్నేళ్లయిందో మాత్రం అడక్కూడదు.

2013లో యాహూ నుంచి దొంగల పాలైన ఖాతాలు 300 కోట్లని 2017లో ఆ కంపెనీయే ఒప్పుకుంది. కొందరి భద్రతా ప్రశ్నలు, జవాబులు కూడా పోయాయి. ఏడాదిగా తెరవని ఐడీలను అదే 2013లో అడిగినవాళ్లకు పంచిపెట్టింది కూడా. ఇదంతా చెబితే బాబాయి బెదరలేదు. ‘జవాబు పోతే పోయింది, ప్రశ్న నా దగ్గరే ఉంది కదా!’

ఆ ప్రశ్న, ‘మీ మొదటి బడి ఏ ఊళ్లో?’ దాని కోసం యాహూ దాకా పోవడం దండగ. దసరాకి కాలనీ మైదానంలో ఆయన పక్కన నిలబడితే చాలు, రావణుడు అంటుకునేలోపు పలాస బడి, మాస్టారి బెత్తంతో సహా బయటికొస్తుంది.

పాత మెయిలు ఒకసారి చేతికి చిక్కితే దొంగకి మిగతా ఖాతాల తాళం పగలగొట్టే పని లేదు. ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని నొక్కుతాడు, కొత్తది పెట్టుకునే లింకు పాత మెయిలుకొస్తుంది. అలా ఓసారి బాబాయి ఫేస్‌బుక్కులోంచి చుట్టాలందర్నీ ఎవడో అప్పడిగాడు. పైసా రాలలేదు. ‘దయచేసి’ అని రాశాడట. బాబాయి దయచేసి అనడమేమిటని అందరికీ అనుమానం!

ఇలాంటి బాబాయి మీ ఇంట్లో ఉంటే వాదించకండి, గెలవరు. పండక్కెళ్లినప్పుడు పక్కన కూర్చుని, ఆయన చేతే ఒక్కో ఖాతాలో మెయిలు మార్పించండి. ఈలోపు డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయించండి.