ఒక విధమైన గుఱ్ఱపుబండి

నిఘంటువులో తాను వెదకుచున్న పదము సరసన తన చేతి పెన్సిలుగీతయే ముందుగా వచ్చి కూర్చుండి యుండుటకంటె చదువరికి వేఱొక పరాభవము లేదని కొన్ని వారములుగా నాకు తోచుచున్నది. ఆ గీత యెట్టిదో వివరింపనక్కఱలేదు. ఒడిలో ఇంగ్లీషు నవలను, ప్రక్కబల్లపై నిఘంటువును పెట్టుకొని మధ్యాహ్నములు గడుపువారెల్లరును దానిని గీచినవారే. అర్థము చూచితిమి, ఇక నీ పదము మన సొత్తు, అను ధీమాతో గీచెదము. పిమ్మట కొంతకాలమునకు, ఎన్నడును కని విని యెఱుగని పదమొకటి తటస్థించెనని ముచ్చటపడి, కండ్లజోడు సవరించుకొని, పుటలు త్రిప్పి చూచునప్పటికి అచట గీత. కొన్నింటికడ రెండు గీతలు. పెండ్లిపందిటిలో చేయి పట్టుకొని ‘నన్ను గుర్తుపట్టారా?’ అని యడిగి, మనము నీళ్లు నమలుచుండగా నలుగురిని సాక్ష్యమునకు పిలుచు దూరపు బంధువునకును ఈ పదములకును భేదము లేదు. ఆయన కనీసము తన పేరు తానే చెప్పి విడిచిపెట్టును.

చదువగా చదువగా మాటలు వాటంతట అవియే వచ్చునని పెద్దలందురు. వచ్చుననుట నిజమే, నిలుచుననుటయే అబద్ధము. ప్రతి పదమునకును నిఘంటువు తెఱవరాదు, సందర్భమునుబట్టి గ్రహింపవలెనని బోధించు వర్గము మఱియొకటి కలదు. వారి మాట నమ్మి నేను సందర్భమునుబట్టి గ్రహించిన పదములలో సగము వస్త్రవిశేషములో వ్యాధివిశేషములో నేటికిని తేలకున్నవి. ఇక 1949లో వెలువడి నేటికిని అమ్ముడుపోవుచున్న నార్మన్ లూయిస్ గారి ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ సంగతి. హైదరాబాదు కోఠీలో పాతపుస్తకముల గుట్టలయందు దాని ప్రతిని చేత బట్టి చూడుడు: మొదటి రెండు మూడు అధ్యాయములు గీతలతో నల్లబడి యుండును, తరువాతి పుటలు ముద్రాలయమునుండి అప్పుడే వచ్చిన కన్యకలవలె నిష్కళంకములై యుండును.

నా ప్రస్తుత కష్టమునకు కారణము డికెన్సు మహాశయుడు. 1836లో నెలనెలా భాగములుగా వెలువడనారంభించిన ‘పిక్విక్ పేపర్స్’ను ఈ నడుమ మరల చేపట్టితిని. ఇంగ్లండున రైళ్లు ఇంకను దేశమంతట వ్యాపింపని కాలమగుటచే, ఆ నవలలోని జనము నడచుట తక్కువ, బండ్లెక్కుట యెక్కువ. వార్డిల్ దొర సకుటుంబముగ సైనికుల కవాతు చూడవచ్చి బరూష్‌లో కూర్చుండి కోడిమాంసము నారగించును; ఆయన సేవకుడైన లావుపాటి కుఱ్ఱవాడు బండి ముందుపీటపైననే నిద్రించును. పిక్విక్ దొర చేజ్ తోలబోయి పాట్లు పడును. మా యింటనున్న ఆంగ్లాంధ్ర నిఘంటువు, తొలిపుటలను చెదలు భక్షించినందున కర్త యెవరో తెలియరాకున్నను, మాట యందు మాత్రము స్థిరమైనది. బరూష్ అనగా ఒక విధమైన గుఱ్ఱపుబండి. చేజ్ అనగా ఒక విధమైన గుఱ్ఱపుబండి. పౌరుషము వచ్చి, వేఱు నవలలలో చూచిన ఫేటన్, గిగ్, బ్రూమ్, లాండో, హాన్సమ్ అనువానినిగూడ వరుసగా వెదకితిని. గిగ్ తేలికయైన యొక విధమైన గుఱ్ఱపుబండి యట. అన్నింటికిని ప్రక్కను గీతలు కలవు. అనగా ఈ విద్యను నేను మునుపే ఒకసారి సంపాదించి పోగొట్టుకొన్నానన్నమాట.

గ్రంథాలయమునకు పోయి లావుపాటి ఇంగ్లీషు నిఘంటువును దింపించితిని. ఫేటన్‌కు చక్రములు నాలుగు, పైకప్పు ఉండదు, సొంతదారుడే తోలుకొనును. తండ్రియైన సూర్యుని రథము తోలబోయి అదుపు తప్పిన గ్రీకు కుమారుని పేరట వెలసినదగుటచే అందు సుఖప్రయాణము చేయగోరువాడు ఆలోచించుకొనవలెను. గిగ్‌కు చక్రములు రెండు, గుఱ్ఱమొకటి. బ్రూమ్ మూసిన బండి. బ్రూమ్ ప్రభువు పేరు దానికి వచ్చినది. హాన్సమ్‌కు 1834లో పేటెంటు పొందిన జోసెఫ్ హాన్సమ్ దొర యథార్థమునకు భవననిర్మాణశిల్పి. తోలువానిని బండి వెనుక ఎత్తుపీటపై కూర్చుండబెట్టుట దాని ప్రత్యేకత. షెర్లాక్ హోమ్స్ అందు పరుగులు తీయుచుండగా తోలువాడు ముందున్నట్లే ఇన్నాళ్లు నేనూహించుకొన్నందులకు బండ్లవారి సంఘమేదైన నాపై అభియోగము తెచ్చినను తేవచ్చును. ఇంత పరిశ్రమ చేసి యింటికి వచ్చి, భోజనమువేళ మనుమరాలికి బ్రూమ్‌కును బరూష్‌కును గల తారతమ్యము సోపపత్తికముగ నుపన్యసింపగా, ఆ పిల్ల పెరుగన్నము కలుపుకొనుచునే ‘తాతయ్యా, ఫోన్‌లో నొక్కితే బొమ్మలొస్తాయిగా’ అని నొక్కి చూపినది. వచ్చినవి. కండ్లజోడు తుడిచి తుడిచి చూచితిని. నా కంటికి అవి అన్నియు ఒక విధమైన గుఱ్ఱపుబండ్లుగనే కానవచ్చెను.

గుఱ్ఱము ఇంగ్లీషు పండితులనుగూడ క్రిందపడవేయకపోలేదు. సామ్యూల్ జాన్సన్ సుమారు తొమ్మిదేండ్లు శ్రమించి, నలుబదివేలకు పైగా పదములతో 1755లో ప్రకటించిన మహానిఘంటువులో, గుఱ్ఱము గిట్టకు కొంచెము పైన నుండు కాలిభాగమైన ‘పాస్టర్న్’ను మోకాలని వ్రాసెను. ఒక స్త్రీ, అట్లేల వ్రాసితిరని నిలదీసి యడిగినది. పండితుడెవడైనను ఇట్టివేళ పాఠాంతరములను, ప్రాచీనప్రయోగములను, అచ్చుకూర్పువారి అలసత్వమును శరణు జొచ్చును. ఆయన కేవలము అజ్ఞానముచేతనని బదులిచ్చినట్లు ఆయన జీవితచరిత్రకారుడైన బాస్వెల్ వ్రాసిపెట్టినాడు. అంతకన్న విచిత్రము 1934 నాటి వెబ్‌స్టర్ మహానిఘంటువున జరిగినది: సాంద్రతకు డి యను అక్షరము సంకేతమని, పెద్దదైనను చిన్నదైనను సరియేయని వ్రాసుకొన్న చీటీని పదముగా భ్రమించి, లోకమున లేని ‘డోర్డ్’ అను మాటను అచ్చువేసిరి, కనుగొనుటకు అయిదేండ్లు పట్టెను. ఆ నడుమ ఎవరైన మహాత్ముడు దానికిగూడ అర్థము చూచి ప్రక్కను గీత గీచియుండునని నా నమ్మకము. ఆయనయొక్కడే నాకు ఆప్తుడు.

గీతల మాటకు మరల వచ్చుచున్నాను. మా నిఘంటువులో అన్నియు నావి కావు. నావి నల్లనివి. వానికి ముందే గీయబడి వెలిసిపోయిన నీలిగీతలు అనేకములు కలవు. అవి మా నాన్నగారివి, బడిపంతుళ్లు మార్కులు వేయు ఒకకొన ఎఱుపు ఒకకొన నీలి పెన్సిలుతో గీచినవి. ఆయన జిల్లాబోర్డు ఉన్నతపాఠశాలలో ఇంగ్లీషు చెప్పెడివారు. తెలియదని మా యెదుట ఒక్కనాడును అనియెఱుగరు. ఏ మాట అడిగినను ‘రేపు చెప్తాను, ముందు లెక్కలు చెయ్యి’ అనెడివారు. మఱునాడు మేము మఱచిపోయినను తామే పిలిచి చెప్పెడివారు. ఇంగ్లీషంతయు ఆయన కడుపులోనే యున్నదని, మాకు క్రమశిక్షణ నేర్పుటకై ఒకరాత్రి ఆలస్యము చేయుచున్నారని మేమెల్లరము నమ్మితిమి. బండ్ల పుటలు త్రిప్పుచుండగా ఈ నడుమనే గమనించితిని, కొన్ని పదములకడ ఆయన గీతలును రెండేసి యున్నవి. మేము నిద్రించిన పిమ్మట లాంతరు దగ్గఱకు లాగుకొని ఆయన వెదకిన మాటలు ఆయనను కూడ విడిచి పోయి, మరల కొత్తవారివలె వచ్చినవన్నమాట. జాన్సన్ తనకు తెలియదన్నచో గ్రంథస్థమైనది. ఇంటినిండ పిల్లలను, చాలీచాలని జీతమును, ఏడాదికొకసారి తనిఖీకి వచ్చు ఇన్‌స్పెక్టరును గల పంతులు అదే మాట అనియున్నచో ఊరిలో ట్యూషను పిల్లలు మఱునాటినుండి వేఱొక పంతులింటికి పోయెడివారు. ఆ రాత్రులు ఆయనకు ఎంత బెదురుగా నుండెడివో మేమడిగినవారము కాము. అడిగియున్నను, ‘రేపు చెప్తాను’ అనెడివారేమో.