నేను పెవెన్సీ కోటగోడను

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, ససెక్స్‌లోని పెవెన్సీ ఊళ్లో ఉంటాను. క్రీ.శ. 290ల్లో రోమన్లు నన్ను కట్టారు. ఓక్ దుంగలు దిగగొట్టి, వాటి మీద పునాది వేశారు. లోపల చెకుముకి రాళ్లు, సున్నం. బయట చెక్కిన రాళ్లు, మధ్యమధ్య ఎర్ర ఇటుక వరసలు. ఒక్కో భాగాన్ని ఒక్కో ముఠా కట్టింది. వాళ్ల పని కలిసిన అతుకులు నా ఒంటి మీద ఇప్పటికీ కనిపిస్తాయి. అప్పట్లో నా కోట పేరు అండెరిటమ్. సముద్రం మీద వచ్చే దోపిడీ మూకల నుంచి తీరాన్ని కాయడం నా పని.

ఐదో శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో రోమన్ పాలన ముగిసింది. దండు వెళ్లిపోయినా గోడను నేనున్నాను. ఆ తర్వాతి కథను ఆంగ్లో-సాక్సన్ క్రానికల్ ఇలా చెబుతుంది: 477లో ఎల్లె అనే సాక్సన్ నాయకుడు ముగ్గురు కొడుకులతో, మూడు ఓడల్లో ఈ తీరానికి వచ్చాడు. 491లో అతనూ, కొడుకు సిస్సా కలిసి నన్ను ముట్టడించారు. లోపల తలదాచుకున్న బ్రిటన్లలో ఒక్కరినీ ప్రాణాలతో వదల్లేదు. నన్ను నమ్ముకున్నవాళ్లను నేను కాపాడలేకపోయాను. ఆ దుఃఖం ఈనాటికీ తీరలేదు.

ఆ మాటలు రాసిపెట్టింది గెలిచినవాళ్ల వారసులు. అదీ దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత, ఆల్‌ఫ్రెడ్ రాజు కాలంలో. అందుకే ఆ సంవత్సరాలను చరిత్రకారులు అచ్చంగా నమ్మరు. ఎల్లె, సిస్సాల పేర్లు అందులో ఉన్నాయి. చనిపోయినవాళ్లలో ఒక్కరి పేరూ లేదు. ఈ సీమకు ససెక్స్ అనే పేరు దక్షిణ సాక్సన్ల వల్లే వచ్చింది. అయినా ఉత్తరాన ఉన్న మహారణ్యాన్ని ఆ సాక్సన్లే నా పాత పేరుతో ఆండ్రెడ్స్‌వీల్డ్ అని పిలిచారు. ఓడినవాళ్ల జాడ అలా అడవి పేరులో మిగిలింది.

1066 సెప్టెంబరు 28న నార్మండీ విలియం ఇక్కడే దిగాడు. తర్వాత నార్మన్లు నా ప్రాకారంలోనే తమ కోట కట్టుకున్నారు. 1940లో జర్మన్లు దాడి చేస్తారన్న భయంతో మెషిన్‌గన్ స్థావరాలు కట్టి, శత్రువు కంట పడకుండా నా రాళ్లలో కలిపేశారు. సముద్రం దూరం జరిగిపోయింది. నేను మాత్రం కొన్నిచోట్ల ఎనిమిది మీటర్ల ఎత్తున నిలిచే ఉన్నాను.

నన్ను చూడవచ్చేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. క్రానికల్‌లో 491 దగ్గర కాసేపు ఆగండి. అక్కడ పేరు దక్కని మనుషులు కూడా ఈ ఊరివాళ్లే. వాళ్లను వదిలేసి రాసిన స్థానిక చరిత్ర సగం చరిత్రే.