అమ్మ పుట్టింటి పేరు చెప్పండి

తాళం పడిన ఖాతా ముందు కూర్చున్న మనిషిని యంత్రం పైకి అడిగేది ఒక్కటే: నువ్వు నువ్వేనా? లోపల పెట్టే పరీక్ష మాత్రం వేరు. పదేళ్ల కిందట, ఈ ఫారం అయిపోతే చాలు దేవుడా అన్న విసుగులో భద్రతా ప్రశ్నకు ఏం కొట్టావో అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పమంటుంది. ఈ పరీక్షలో సొంతదారు కన్నా దొంగకే ఎక్కువ మార్కులు వస్తాయని నా వాదన. సొంతదారు ఉత్త చేతులతో వస్తాడు, దొంగ చదువుకుని వస్తాడు. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీలో ఉన్న సారా పాలిన్ యాహూ మెయిల్‌లోకి ఒక కాలేజీ కుర్రాడు ఇలాగే దూరాడు. పుట్టినతేదీ, పిన్‌కోడ్, భర్తను ఎక్కడ కలిశారు: అడిగినవి ఇవే, ఇంటర్నెట్‌లో వెతికితే దొరికేవే. 2015లో గూగుల్ పరిశోధకులు లెక్కతీస్తే, 'ఇష్టమైన తిండి' ప్రశ్నకు ఇంగ్లిష్ వాడుకదార్ల జవాబు ఒక్క ఊహతో తగిలే అవకాశం 19.7 శాతం. అమెరికాలోని ఇంగ్లిష్ వాడుకదార్లలో 40 శాతం మందికి మాత్రం తమ భద్రతా ప్రశ్నల జవాబే అవసరానికి గుర్తురాలేదట. ఇది పిజ్జా తినేవాళ్ళ సంగతి. మన దగ్గర బిర్యానీ అని ఒకసారి, ఆవకాయ అని ఒకసారి కొట్టి చూస్తే దొంగకు మూడో ప్రయత్నం మిగిలిపోతుంది.

ఇక అమ్మ పుట్టింటి పేరు. అది రహస్యమని అనుకున్న మహానుభావుడు తెలుగు పెళ్ళికి ఎన్నడూ వెళ్ళి ఉండడు. మేనరికం చేసుకున్న ఇంట్లో అమ్మ పుట్టింటి పేరూ, భార్య పుట్టింటి పేరూ ఒకటే అవుతాయి; ఆ రెండు రహస్యాలూ కలిపి మామయ్యగారి గేటు పక్కన పాలరాతి పలక మీద చెక్కి ఉంటాయి. దారినపోయే పాలవాడు చదువుకోవచ్చు. సొంత మేనల్లుడు మాత్రం తప్పుతాడు, ఎందుకంటే యంత్రానికి కావలసింది పేరు కాదు, స్పెల్లింగు. లక్ష్మికి ఆనాడు ఎక్స్ పెట్టామా, కేఎస్‌హెచ్ పెట్టామా? పుట్టిన ఊరు రాజమండ్రి అని రాసుకున్నవాడికైతే 2015లో సర్కారే జవాబు మార్చి రాజమహేంద్రవరం చేసింది. ఇప్పటి కాగితం చూసి నిజం కొట్టినవాడు తప్పినట్టు లెక్క.

ఆ ప్రశ్నల కాలం పోయింది, ఇప్పుడంతా ఓటీపీయే కదా అనొచ్చు. ఓటీపీ గుర్తుపట్టేది మనిషిని కాదు, సిమ్మును. మూసేసిన నంబరును 90 రోజుల దాకా మరొకరికి ఇవ్వకూడదని నియమం. ఆ తర్వాత ఇవ్వొచ్చు. రీచార్జి మరిచిన పెద్దాయన బ్యాంకు ఓటీపీ అప్పుడు ముక్కూమొహం తెలియనివాడి జేబులో టింగుమంటుంది. కోడు మీ మెయిల్‌కి పంపాం అనే సందేశం ఇంకో అందం. తాళం పడింది ఆ మెయిల్‌కే!

పోనీ, యంత్రం బదులు మనిషినే కూర్చోబెడితే? మనిషి మాటకు లొంగుతాడు. 2012లో మ్యాట్ హోనన్ అనే అమెరికా విలేకరి ఆపిల్ ఖాతాను దొంగ ఫోనులో మాట్లాడే కాజేశాడు. చిరునామా, కార్డు చివరి నాలుగంకెలు చెబితే కస్టమర్ కేర్ తలుపు తీసింది. కాసేపట్లో ఆయన ఫోనూ ల్యాప్‌టాపూ ఖాళీ. కాబట్టి యంత్రం మొండితనాన్ని నేను తప్పుపట్టను. కరకుగానే ఉండనీ. కానీ తలలో ఉన్నది కాకుండా చేతిలో ఉన్నది అడగనీ. గూగుల్ ముందే ఇచ్చే బ్యాకప్ కోడ్లు పది ఉంటాయి, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కసారికే పనికొస్తాయి. కాగితం మీద తీసుకుని బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన పడేస్తే సరి. బీరువా తాళంచెవి పోతుందంటారా? వీధి చివర తాళాలు బాగుచేసే మనిషి ఉంటాడు. అతను అమ్మ పుట్టింటి పేరు అడగడు. ఇల్లు వీళ్ళదేనా అన్నట్టు పక్కింటావిడ వంక ఒకసారి చూస్తాడు. ఆవిడ తలూపితే తీసేస్తాడు.