అనుభవం మాది, సంతకం ఆయనది!

కేంద్ర కార్మిక శాఖ మంత్రివర్యుల దివ్యసముఖానికి,

దుమ్ముగూడెం మండలం నుంచి ఒక మాజీ కాంట్రాక్టు కార్మికుడు నమస్కరించి రాసుకునే విన్నపం. నేను నిన్న భద్రాచలంలో మా పాత కాంట్రాక్టరు ఆఫీసు మెట్ల మీద పొద్దంతా పడిగాపులు కాసి వచ్చాను. ఆయన కింద బాయిలర్ దగ్గర హెల్పర్‌గా చేశాను. టెండరు మారింది, పని పోయింది. కొత్తాయన అనుభవ పత్రం తెస్తేనే గేట్ పాస్ అన్నాడు. పాతాయన ఏమన్నాడో తెలుసా? "బాకీ ఏమీ లేదని ముందు సంతకం పెట్టు, కాగితం సంగతి తర్వాత చూద్దాం."

చివరి నెల జీతం ఇవ్వలేదు, బోనసు ఇవ్వలేదు. బాకీ లేదని ఎట్లా పెట్టమంటారు మహాప్రభో!

1971 నాటి కాంట్రాక్టు కార్మికుల కేంద్ర నిబంధనల్లో 77వది ఉండేది. ఏ కారణంతో పని పోయినా కాంట్రాక్టరే ఫారం 15లో సర్వీసు సర్టిఫికెట్ రాసివ్వాలి. ఎవడిచ్చాడు గనక! దాన్ని అమలు చేయించండని మొత్తుకుంటే తమరు 2020లో కొత్త కార్మిక కోడ్ చేసి, 2025 నవంబర్ 21 నుంచి అమల్లో పెట్టారు. ఇప్పుడు దాని 56వ సెక్షన్ కింద అనుభవ పత్రం మేం అడిగితేనే ఇవ్వాలట. అడిగాం సామీ! అడిగినందుకే మెట్ల మీద కూర్చోబెట్టాడు. పైగా 20 మంది ఉంటే వర్తించే చట్టం ఇప్పుడు 50 మంది ఉంటేనే అట. రిజిస్టర్లో 49 పేర్లు చూపించడం కాంట్రాక్టర్లకు రాని విద్యా?

కాగితం దొరికినా గండం గడవదు. కొత్తాయన పాతాయనకు ఫోన్ కొడతాడు. "వాడా? యూనియన్ జెండా పట్టుకు తిరుగుతాడు" అంటే చాలు, ఏ గేటూ తెరుచుకోదు. ఆ మాటకు సంతకం ఉండదు, సాక్ష్యం ఉండదు, నేను జవాబు చెప్పుకునే దారీ ఉండదు. పీఎఫ్‌లో నా పని పోయిన తేదీ కూడా ఇంకా ఎక్కించలేదు.

అయ్యా, మిర్చి కోతలకు పోతే ఈ పూటకు కూలి దొరుకుతుంది. నేర్చుకున్న పని మాత్రం మట్టికొట్టుకుపోతుంది. ఏ నెలలో ఎవరి కింద చేశానో మీ పీఎఫ్ లెక్కల్లోనే ఉంది. కనీసం దాన్నే అనుభవ పత్రంగా ఒప్పుకోవాలని ఉత్తర్వు ఇప్పించండి. బాకీ లేదన్న సంతకానికీ పత్రానికీ ముడిపెట్టినవాడికి జరిమానా వేయించండి. పని చేసింది మేం. చేశామని చెప్పుకోవడానికి కాంట్రాక్టరు దయ అక్కర్లేకుండా చూడండి.

ఇట్లు,
గేటు బయట ఉన్న ఒక హెల్పర్