ఫార్మాటన్న

నారాయణఖేడ్ బజార్లో ఎవరి కంప్యూటరైనా పొద్దున్నే "ఫలానా ఫైలు దొరకడం లేదు" అని మొరాయిస్తే, జనం ఆ మెసేజ్ చదవరు. ఫార్మాటన్నకు ఫోన్ చేస్తారు. వచ్చాక ఫార్మాటన్న కూడా చదవడు.

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆధార్ కార్డులో భద్రంగా ఉంది. మీసేవలో, జిరాక్స్ దుకాణాల్లో, పెళ్ళికార్డులు కొట్టే డీటీపీ సెంటర్లలో, ఫోటో స్టూడియోల్లో మాత్రం ఈ పేరే చలామణీ. ఇలాంటివాడు జోగిపేటలోనూ ఉంటాడు, జహీరాబాద్‌లోనూ ఉంటాడు. సరిహద్దు దాటి బీదర్ పోతే కన్నడంలో ఉంటాడు, దెగ్లూర్ పోతే మరాఠీలో ఉంటాడు. మా ఖేడ్ ఆయనకు నాలుగు భాషలూ వచ్చు. వచ్చిన కస్టమర్‌ను బట్టి "ఫార్మాట్ కొట్టాలె" అనగలడు, "ఫార్మాట్ మార్నా పడ్తా" అనగలడు, "ఫార్మాట్ మాడ్‌బేకు" అనగలడు, "ఫార్మాట్ మారావం లాగేల్" అనగలడు. ఐదో భాష అవసరం ఇంతవరకు పడలేదు.

మెడలో పెన్‌డ్రైవ్ వేలాడే తాడు, చొక్కా జేబులో స్టార్ స్క్రూడ్రైవర్, బండి డిక్కీలో ఎవరివో రెండు ర్యాములు. అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సు చేశాడు. ఎన్ని నెలల కోర్సు, ఎన్ని నెలలకు వచ్చేశాడు అన్నవి వేర్వేరు ప్రశ్నలు. పార్టుల కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయొస్తుంటాడు కాబట్టి "ఇది సీటీసీ రేటు" అన్నాడంటే ఇక బేరం ముగిసినట్టే.

వచ్చే తీరు చూడాలి. దుకాణంలో మనుషులను పలకరించడు. సీపీయూ డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూస్తాడు. తర్వాత "ఎప్పటిసంది?" అంటాడు. ఆ తర్వాతి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏమన్న డౌన్‌లోడ్ కొట్టిండ్రా?" దుకాణంలో ఉన్నవాళ్ళంతా ఎటో చూస్తారు. అప్పుడు తెర వైపు తిరిగి, "మిస్సింగ్" అన్న మాట కనబడేదాకా చదివి, ఆపేస్తాడు. ఆ మాటకు ముందు ఏ ఫైలు పేరుందో, వెనక ఏ అడ్రసుందో ఆయనకు పని లేదు.

విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చింది. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ దాని బాధ్యత వదిలేసింది. ఆ నడిమి కాలమంతా ఫార్మాటన్నకు స్వర్ణయుగం. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో "ఎన్టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అని పడేది. విస్టా నుంచి దాని స్థానంలోకి "బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్" వచ్చింది. రెండూ ఒకే ఉద్యోగం చేసే ఫైళ్ళు: విండోస్‌ను డిస్కులోంచి లేపి కూర్చోబెట్టడం. స్విచ్ వేయగానే బయాస్ తనను తాను పరీక్షించుకొని, ఏ డ్రైవ్‌లో ముందు వెతకమని రాసి ఉందో అందులో వెతుకుతుంది. ముందు యూఎస్‌బీలో చూడమని రాసి ఉండి, రాత్రి ఎవరో పెళ్ళి ఫోటోల పెన్‌డ్రైవ్ వెనకాల పెట్టి మరిచిపోయారనుకోండి. పాపం, బయాస్ పోయి ఆ పెళ్ళి ఫోటోల్లో విండోస్ కోసం వెతుకుతుంది. దొరకదు. మిస్సింగ్ అంటుంది. హార్డ్‌డిస్క్ పక్కనే గుండ్రాయిలా ఉంటుంది.

ఫార్మాటన్న వస్తాడు. తన పెన్‌డ్రైవ్ పెట్టడానికి ఖాళీ కావాలి కనుక ఆ పెన్‌డ్రైవ్ పీకి బల్ల మీద పెడతాడు. జబ్బు ఆ క్షణానే కుదిరింది. ఆ సంగతి ఆయనకు గానీ, దుకాణం వాళ్ళకు గానీ, పెళ్ళికొడుక్కు గానీ తెలియదు. తర్వాత మూడు గంటలు ఫార్మాట్ జరుగుతుంది. విండోస్ లేస్తుంది. "సూశిన్రా?" అంటాడు. చూశాం.

ఆ మూడు గంటలే ఆయన కీర్తికి మూలం. తెర మీద శాతాలు నడుస్తుంటాయి. ఇరవై ఎనిమిది, అరవై ఒకటి. కస్టమర్ వాటివంక కన్నార్పకుండా చూస్తాడు. ఫార్మాటన్న చాయ్ తాగడానికి పోతాడు, తొంభై తొమ్మిది దగ్గర సరిగ్గా వస్తాడు. ఆ ఒక్క శాతం మీద ఆయనకున్న అంచనా అబ్బురమే. తర్వాత మౌస్ పట్టుకొని డెస్క్‌టాప్ మీద కుడివైపు నొక్కి రిఫ్రెష్, రిఫ్రెష్, రిఫ్రెష్. దానివల్ల ఏమీ కాదు. కానీ కస్టమర్‌కు స్పీడు పెరిగినట్టే కనబడుతుంది.

అసలు నష్టం సాయంత్రం బయటపడుతుంది. అను ఫాంట్స్ పోయాయి, పేజ్‌మేకర్ పోయింది. రేపటి పెళ్ళికార్డులో వరుడి తరఫు పెద్దల పేర్లన్నీ వంకరటింకర గుర్తులయ్యాయి. ప్రింటర్ డ్రైవర్ లేదు. వేలిముద్ర మిషన్‌కు ఆర్‌డీ సర్వీస్ లేదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చిన పెన్షనర్లు బెంచీ మీద బొటనవేళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నారు. డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైళ్ళు ఏవని అడిగితే ఫార్మాటన్న జాలిగా చూస్తాడు: "ముఖ్యమైనయి డీ డ్రైవ్‌ల ఏసుకోవాలె గదనే. డెస్క్‌టాప్ అంటె సీ డ్రైవే గద." ఈ జ్ఞానం ఎప్పుడూ ఫార్మాట్ తర్వాతే పంచుతాడు.

ఇక రెండో రకం హెచ్చరిక ఉంది. డెస్క్‌టాప్ వచ్చేశాక, కస్టమర్ వచ్చే ముందు, తెర నడుమ చిన్న డబ్బాలా ప్రత్యక్షమయ్యేది. లాగిన్ కాగానే విండోస్ ఒక జాబితా తీస్తుంది. రిజిస్ట్రీలో, స్టార్టప్ ఫోల్డర్లో, టాస్క్ షెడ్యూలర్లో ఎవరెవరి పేర్లు రాసి ఉన్నాయో వాళ్ళందరినీ లేపుతుంది. మా జిరాక్స్ దుకాణాల్లో పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కు పాకిన షార్ట్‌కట్ వైరస్ కూడా ఈ జాబితాలో తన పేరు రాసుకుంటుంది. అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి పేరుతో ఉత్త షార్ట్‌కట్లు మిగులుస్తుందే, అదే. దాని చివర డాట్ వీబీఎస్ అనో మరోటో ఉంటుంది. ఒకనాడు యాంటీవైరస్ మేల్కొని ఆ ఫైలును చంపేస్తుంది. జాబితాలో పేరు మాత్రం కొట్టేయదు. మర్నాడు విండోస్ ఆ పేరు పిలుస్తుంది, పలికేవాడు లేడు. "కెనాట్ ఫైండ్ స్క్రిప్ట్ ఫైల్" అని డబ్బా వేస్తుంది. అది వైరస్ చచ్చిందన్న కబురు. మనవాళ్ళు విండోస్ చచ్చిందని బెంబేలెత్తుతారు.

కంప్యూటర్ అనేదల్లా, నాకిచ్చిన అడ్రసులో చూశాను, అక్కడ లేదు అని. మా ఊరివాళ్ళకు ఇది ఇట్టే అర్థం కావాలి నిజానికి. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చింది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లాకు మారింది. ఇవాళ బీదర్ జిల్లా జాబితా పట్టుకొని వెతికితే నారాయణఖేడ్ ఎక్కడా తగలదు. అంతమాత్రాన ఊరంతా కూలగొట్టి మళ్ళీ కట్టాలని ఎవరూ అనరు. ఫార్మాటన్న అంటాడేమో. ఆయన బిల్లు బుక్కు మీద ఇప్పటికీ మెదక్ జిల్లా అనే ఉంది.

ఇదేదో మా ఊరి జబ్బనుకోకండి. 2001లో ప్రపంచమంతటా ఈమెయిళ్ళు తిరిగాయి: మీ కంప్యూటర్లో సల్ఫ్‌ఎన్‌బీకే అనే ఫైలుందేమో చూడండి, ఉంటే వైరస్, వెంటనే చెరిపేయండి అని. అందరికీ ఉంది. ఎందుకుండదు, అది విండోస్‌తో వచ్చిన ఫైలే, పొడవాటి ఫైలు పేర్లను కాపాడే పని దానిది. చదువుకున్నవాళ్ళు చేతులారా చెరిపేసి, పది మందికి ఫార్వర్డ్ చేశారు. మరుసటేడు ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఇంకో ఫైలుకూ ఇదే గతి పట్టించారు. వాళ్ళతో పోలిస్తే ఫార్మాటన్న నయం, కనీసం పైసలు తీసుకొని చేస్తాడు.

2024 జూలై 19 శుక్రవారం నాడు ఆయన టీ కొట్టు దగ్గర రాజాలా కూర్చున్నాడు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేశాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. "గిట్లయితదని నాకెరుకే. దునియా మొత్తం ఫార్మాట్ కొట్టాలె ఇగ," అని ప్రకటించాడు. ఆ రోజు కావలసిన వైద్యం సేఫ్ మోడ్‌లోకి పోయి ఒక్క ఫైలు చెరపడం. అక్కడ తక్కువైంది ఏదీ లేదు, ఒకటి ఎక్కువైంది. మా బజార్లో ప్రింట్లు ఎప్పటిలాగే వచ్చాయి, అంత ఖరీదైన రక్షణ మన జిరాక్స్ దుకాణాలకు ఎక్కడిది?

ఫార్మాటన్నకు శిష్యుడు కూడా ఉన్నాడు. ఫార్మాట్ అనడు, "డీఎల్‌ఎల్ తెస్త" అంటాడు. ఎమ్మెస్‌వీసీపీ 140 డీఎల్‌ఎల్ లేదని వస్తే, పచ్చ బటన్లు మెరిసే ఏదో సైటులోంచి అదొక్కటి దించి సిస్టం 32లో పడేస్తాడు. వెంటనే వీసీరన్‌టైమ్ 140 లేదంటుంది. అదీ తెస్తాడు. ఇంకోటి లేదంటుంది. సాయంత్రానికి మూడు డీఎల్‌ఎల్‌లు, నాలుగు టూల్‌బార్లు, ఒక కొత్త బ్రౌజర్ వచ్చి చేరతాయి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే విజువల్ సీ ప్లస్‌ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ ఒక్కటి వేస్తే అన్నీ కలిసి వస్తాయని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. పైగా 64 బిట్ విండోస్‌లో 64 బిట్ ఫైళ్ళుండేది సిస్టం 32 ఫోల్డర్లో, 32 బిట్ ఫైళ్ళుండేది సిస్‌వావ్ 64లో. ఈ పేర్లు పెట్టినవాళ్ళను చూశాక శిష్యుణ్ణి తిట్ట బుద్ధి కాదు.

నిజంగా భయపడాల్సిన సందర్భం ఒకటుంది. ఫైలు రాస్తుండగా కరెంటు పోవడం, హార్డ్‌డిస్క్ లోపల టక్ టక్ చప్పుడు, రోజుకో కొత్త ఫైలు పాడవడం. అప్పుడు ముందు డిస్కులోవన్నీ వేరేచోట దాచుకోవాలి. విండోస్ సొంత ఫైళ్ళు చెడితే సరిచూసి బాగుచేసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనే ఆజ్ఞ విండోస్‌లోనే ఉంది, డిస్కు బాగుంటే దాన్ని నడపొచ్చు. చావుబతుకుల్లో ఉన్న డిస్కును ఫార్మాట్ కొడితే మిగిలిన ఆశ కూడా పోతుంది. ఫార్మాటన్నకు ఆ చప్పుడు వినపడదు, ఫోన్లో ఉంటాడు. అయినా రాత్రి తొమ్మిదింటికి పిలిస్తే వచ్చేది ఆయనే. మిషన్ హైదరాబాద్ మోసుకుపోతే పోనూ రానూ చార్జీలు, రెండు రోజులు దుకాణం బంద్.

బస్టాండు దిక్కు ఒక జిరాక్స్ సేఠ్ ఉన్నాడు. ఆయన తెర మీద ఆ స్క్రిప్ట్ డబ్బా ఏళ్ళ తరబడి వస్తోంది. పనికి కొత్త పిలగాడు చేరితే మొదటి పాఠం అదే: "పొద్దుగాల డబ్బ వస్తది, ఓకే కొట్టు, అగర్‌బత్తి ముట్టిచ్చు." మొన్న పట్టా పాస్‌బుక్ జిరాక్స్‌కు వచ్చిన పటేల్ ఒకాయన ఆ డబ్బా చూశాడు.

"ఏమైందే సేఠూ?"

"సిస్టం ఫైలు దొరుకుతలేదంట పటేలా."

పటేల్ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగిన మనిషి. బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు: "ఎంత అడుగుతున్నది?"

సెలవులకు వచ్చిన సేఠ్ మేనకోడలు అక్కడే ఉంది. బీదర్‌లో డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల డబ్బాలో ఉన్నది మొదటి నుంచి చివరిదాకా చదివింది. బజారు చరిత్రలో అదే మొదటిసారి కావచ్చు. "మామా, గిది సిస్టం ఫైలు గాదు. పేరు సూడు, నోరు తిరుగుతలేదు. విండోస్ గిసొంటి పేర్లు పెట్టదు," అంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కింది. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ తెరిచింది. "మైక్రోసాఫ్ట్ విండోస్ బేస్డ్ స్క్రిప్ట్ హోస్ట్" అని పెద్దింటి పేరుతో ఒకటి కూర్చుని ఉంది. కమాండ్ లైన్ కనబడేలా చేసి చూస్తే, దాని పక్కన ఆ చచ్చిన వీబీఎస్ అడ్రసే. డిసేబుల్ కొట్టింది. రీస్టార్ట్ చేసింది. డబ్బా రాలేదు.

"అయిపోయిందా?" అన్నాడు సేఠ్. గొంతులో ఎక్కడో అసంతృప్తి. రెండు నిమిషాల్లో అయ్యే పనికి ఏమివ్వాలో తోచక మిర్చిబజ్జీ తెప్పించాడు.

మర్నాడు పొద్దున ఆ పిల్ల బస్సెక్కి పోయింది. సేఠ్ దుకాణం తెరిచి, కంప్యూటర్ వేసి, మౌస్ మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు. కొంతసేపు చూశాడు. అగర్‌బత్తి ముట్టించాలా వద్దా తేలక, ఫోన్ తీశాడు.

"ఫార్మాటన్నా, దినాం వచ్చే డబ్బ ఇయ్యాల వస్తలేదే. ఏమన్న ఖరాబైందంటవా?"

"ఏంది, డబ్బనే మిస్సింగా?" అవతల బండి స్టార్ట్ అయిన చప్పుడు. "ఏం ముట్టుకోకుండ్రి. వస్తున్న."