పది నెలల విశ్వపౌరుడు

మన నగరములలోని పేరుపొందిన పాఠశాలలయందు అప్పుడప్పుడొక నున్నని రంగుల కరపత్రము చేతులు మారుచుండును. పదునైదేండ్లు మొదలుకొని పదునెనిమిదేండ్ల వరకు వయస్సుగల బాలబాలికలను ఒక విద్యాసంవత్సరముపాటు ఫ్రాన్సునకో, బెల్జియమునకో, స్విట్జర్లండులోని ఫ్రెంచి ప్రాంతమునకో పంపినచో, వారచ్చటి గృహస్థుల యింట భుజించి, అచ్చటి ఉన్నతపాఠశాలలో చదివి, పది నెలలు తిరుగునప్పటికి ఫ్రెంచి భాషను ధారాళముగా పలుకుటయే గాక, నాయకత్వలక్షణములను, విశాలదృక్పథమును, రెండవ కుటుంబమును గూడ సంపాదించుకొని, సాక్షాత్తు విశ్వపౌరులై మరలి వత్తురని ఆ పత్రము వక్కాణించును. ముఖచిత్రమున ఈఫెలు గోపురము ముందు నలుగురు పిల్లలు గాలిలోని కెగిరియుందురు. విశ్వపౌరుడగు వాడు నేలమీద నిలువరాదని నియమమేమో నాకు తెలియదు.

ఈ సంప్రదాయమునకు మూలము పూజ్యమైనదే. మొదటి ప్రపంచసంగ్రామమున ఫ్రాన్సు రణరంగములనుండి క్షతగాత్రులను మోసి తెచ్చిన అమెరికా స్వచ్ఛందసేవకుల సంఘమొకటి, రెండవ సంగ్రామమునందును అదే పని చేసి, గాయపడినవారిని మోయుటకంటె ఒకరినొకరు గాయపరుచుకొనని తరమును పెంచుట మేలని తలచి, 1947 లో ఉన్నతపాఠశాల విద్యార్థుల వినిమయమున కుపక్రమించెను. నేటి ఏ.ఎఫ్.ఎస్. అదియే. యుద్ధమును కన్నులార చూచినవారి సంకల్పమును పరిహసింప నాకు నోరు రాదు. నా పరిహాసమంతయు ఆ సంకల్పమునకు పిమ్మట తొడిగిన మఖమలు కోటు మీదనే. కోటన్నందుకు జ్ఞప్తికి వచ్చినది: రోటరీవారి వినిమయవిద్యార్థులకు నిజముగానే ఒక కోటు కలదు. దేశదేశముల బిళ్లలను పిన్నులతో దానికి గ్రుచ్చుకొనుట వారి యాచారము. ఏడాది ముగియునప్పటికి అది వస్త్రమో కవచమో పోల్చుట కష్టము. వారికి నాలుగు నిషేధములు గూడ ప్రసిద్ధములు: మద్యము, మాదకద్రవ్యము, వాహనచోదనము, ప్రణయము. ద్రాక్షతోటల దేశమునకు పదునేడేండ్లవానిని పంపి యీ నాలుగింటిని తీసివేసిన పిదప వానికి మిగులునది పాఠశాల యొక్కటియే గనుక, మనమును పాఠశాలకే పోదము.

గుంటూరు బాలుడొకడు క్లెర్మోఁ-ఫెరాన్ నగరమునకు కొంతదూరమున నున్న చిన్న యూరిలో ఇట్టి సంవత్సరమును గడపెను. ఆ యూరికి పారిస్ నాలుగువందల కిలోమీటర్ల దూరము. ఈఫెలు గోపురమును వాడు చూచినది ఒక్క మధ్యాహ్నమే, అదియును వానలో. తక్కిన దినములన్నియు ఉదయ మెనిమిది గంటలకు లీసే యను ఉన్నతపాఠశాల వాకిట మొదలగును. డిసెంబరు నెలలో ఆ వేళకు సూర్యుడింకను ఉదయింపడు. చీకటిలో గేటు ముందు గుంపులు గుంపులుగా నిలిచి సిగరెట్లు కాల్చు సహాధ్యాయుల నడుమనుండి భావిలోకనాయకుడు దగ్గుచు లోనికి ప్రవేశించును. సాయంకాల మైదు గంటలకో, ఒక్కొక్కప్పు డారు గంటలకో వెలికి వచ్చును. బుధవారము అపరాహ్ణము మాత్రము సెలవు. ఆ నడుమ నేమి జరిగినదని మొదటి రెండు నెలలలో ఎవరైన నడిగియుండినచో, వాడు ధర్మముగా చెప్పదగిన సమాధానము "తెలియదు" అనునదియే.

అచ్చటి కాగితమునకే ఒక శాస్త్రము కలదు. నిలువుగీతలు, అడ్డుగీతలు, ఆ గీతల నడుమ మరల సన్నని గీతలు గల సెయేస్ గళ్ల పత్రముమీద తప్ప వ్రాయరాదు. ఆ గళ్ల యమరిక 1892 నాటిది. పరీక్ష కాగితము మడతపెట్టిన జంటపత్రము కావలెను. శీర్షికక్రింద గీత బద్దతో గీయవలెను. మనవాడు బద్ద లేక చేతితో గీచిన గీతను చూచి చరిత్రోపాధ్యాయిని నిట్టూర్చిన నిట్టూర్పు రెండు నాగరికతల సంఘర్షణ మనదగినది. మార్కులు ఇరువదికి. పది వచ్చిన గట్టెక్కినట్లు. పండ్రెండు వచ్చిన ఫరవాలేదని మెచ్చుకోలు. పదునారు వచ్చినవాడు మహానుభావుడు. నూటికి తొంబదియెనిమిది చూచి కన్నులు కాయలు కాచిన తండ్రి, కుమారునికి గణితమున ఇరువదికి పదమూడు వచ్చినవని వినిన రాత్రి భోజనము మానెను.

సహాధ్యాయులు దుర్మార్గులు కారు. వారికి తీరిక లేదు. నెపోలియను 1808 లో నెలకొల్పిన బకలోరియా యను పాఠశాలాంతపరీక్ష ముందున్నది, అందు తత్త్వశాస్త్రమునకే నాలుగు గంటల వ్రాత; 2018 నుండి ఉన్నతవిద్యకు దాదాపు దరఖాస్తులన్నియు పోగుపడు పార్కూర్‌సుప్ అను యంత్రరాక్షసి దాని వెనుక నున్నది. ఇట్టి గండముల నడుమ నలుగు పిల్లలకు ప్రక్కబల్లమీద వచ్చి కూర్చున్న విశ్వపౌరుని ముఖము చూచుటకు వ్యవధి యెక్కడిది? మొదటి వారమున పేరడిగిరి. రెండవ వారమున పేరు మరచిరి. వానిని ఎన్నడును మరువనిది ప్రోనోట్ అను హాజరుపట్టీ యొక్కటియే. పావుగంట ఆలస్యమైనను అది నమోదు చేసికొని, ఆతిథ్యమిచ్చు తల్లికి వార్త పంపును.

ఆ తల్లి యిల్లే "రెండవ కుటుంబము". వారికి దీనివలన రూకయైన ముట్టదనియు, కేవలము సహృదయతచేతనే పరాయిబిడ్డను ఏడాదిపాటు పోషింతురనియు తెలిసినప్పుడు నాకు గౌరవము కలిగినది. కరపత్రము మాత్రము ఆ సహృదయతను గూడ తన సరకులలో నొకటిగా లెక్కించుకొనినది. ఆ యింట నేర్వవలసిన పాఠములు సూక్ష్మములు. రొట్టెను కంచములో గాక నేరుగా బల్లగుడ్డపైననే పెట్టుకొందురు. అయితే బోర్లించి పెట్టిన అశుభము. మనవాడెన్నిసారులు బోర్లించెనో అన్నిసారులును ఆ యింటి ముసలమ్మ మాటలాడకుండ చేయి చాచి దానిని వెల్లకిల త్రిప్పెను. త్రికోణపు నీలిజున్నుముక్క వచ్చినప్పుడు, మెత్తగా నున్నది గదా యని వాడు దాని కొనను చటుక్కున కోసికొనగా బల్లచుట్టు నున్న ఐదుగురును ఒక్కసారి ఊపిరి బిగబట్టిరి. కొన యనగా జున్నునకు గుండెవంటిది. అందరును పొడవున కోసికొని ఆ రుచిని పంచుకొనవలెనే గాని ఒక్కడే దానిని హరింపరాదు. పెండ్లిపంక్తిలో అందరికంటె ముందు గారెలన్నియు తన యాకులో వేసికొన్నవాని గతి యెట్టిదో ఆనాటి రాత్రి వాని గతియు నట్టిదే. ఇంతటి ధర్మసూక్ష్మమునకు కరపత్రమున నొక్క పంక్తియైన లేదు. "నాయకత్వము" మాత్రము నాలుగు చోట్ల కలదు.

వీడు శాకాహారి యనుట మరచితిని. 2018 నాటి ఎగాలిమ్ చట్టము పుణ్యమా యని పాఠశాల భోజనశాలలలో వారమున కొక్క పూట శాకాహారము వండుట విధియైనది. తక్కిన దినములలో మన బాలుడు తురిమిన కేరట్‌తోను, రొట్టెతోను, చిన్న గిన్నెడు పెరుగుతోను విశాలదృక్పథమును పోషించుకొనెను.

ఇక "సాంస్కృతిక రాయబారి" యను బిరుదమునకు వత్తము. ఒకనాడు చరిత్రోపాధ్యాయిని భారతదేశమును గూర్చి ప్రసంగింపు మనెను. రాయబారి తెరమీద మొదటి బొమ్మగా తాజ్‌మహలును చూపెను. వాడు తాజ్‌మహలును ఎన్నడును చూచి యెరుగడు. అమరావతి స్తూపము ఇంటికి గంట ప్రయాణములో నున్నను దానిని గూడ చూచి యెరుగడు, ఏలయన ఆదివారములు కోచింగునకే చాలెడివి కావు. ఏనుగుల ధరను గూర్చియు, వీథులలోని గోవులను గూర్చియు వారడిగిన ప్రశ్నలకు వాడు గంభీరముగా సమాధానము లిచ్చెను. అన్నియును ఆ క్షణమున కల్పించినవే. పిమ్మట ఆతిథేయులు "మీ వంట" చేసి పెట్టు మనిరి. పొయ్యి వెలిగించుట ఎరుగని వాడు, తల్లిని వీడియో కాలులో స్టవు ప్రక్కన నిలుపుకొని, చింతపండు దొరకక నిమ్మకాయ పిండి, పోపు మాడ్చి, పొగను పసికట్టు యంత్రము కూతపెట్టగా, పులిహోర యనదగిన పదార్థమును బల్లమీదికి తెచ్చెను. అందరును మర్యాదగా తినిరి. రొట్టె మాత్రము ఆ రాత్రి రెండింతలు ఖర్చైనది.

"అయినను ఎంతో నేర్చుకొనును గదా!" యని పంపినవారు నన్నాక్షేపింతురు. నేర్చుకొనును, సందేహమేల? తానెవరికిని ముఖ్యుడు కాని చోట దినము గడుపుట నేర్చుకొనును. తన కంచము తాను కడుగుకొనుట, అర్థము కాని హాస్యమునకు ఇతరులు నవ్వు ముగించులోపల నవ్వుట, ఆదివారము దుకాణములన్నియు మూసియున్న యూరిలో మూడు గంటల భోజనమునకు కదలక కూర్చుండుట నేర్చుకొనును. ఇవి ప్రశస్తమైన విద్యలు. కాని "మీ కుమారుని పది నెలలపాటు అనామకునిగా చేసి పంపుదుము" అని అచ్చువేసినచో ఏ తండ్రి లక్షలు చెల్లించును? అందుచేతనే వాడు తిరిగి వచ్చిన పిదప ఆ నిశ్శబ్దమునకంతకును ఒక వీరగాథ కట్టి, అమెరికా కళాశాలల ప్రవేశవ్యాసములలో దానిని వాడుకొను విద్య నేర్పుటకు వేరొక రుసుముతో వేరొక సలహాదారుడు సిద్ధముగా నుండును. ఆ వ్యాసములలో ప్రతివాడును జున్నుముక్క యెదుట పరివర్తన చెందును.

భాష మాత్రము వచ్చినది, దానిని కాదనను. ఏడవ నెలకు వాడు ఆ యూరి పిల్లలవలెనే సగము పలుకులు మ్రింగి, సగము భుజములతో మాటలాడసాగెను. పదవ నెల ముగియగానే బకలోరియా లేక, మన బోర్డువారి లెక్కకెక్కు మార్కు ఒక్కటియు లేక, తనకంటె చిన్నవారితో కలిసి ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరమున చేరుటకు తండ్రి వెంట ఒక కళాశాలకు పోయెను. రెండవ భాషగా ఏది తీసికొందువని ప్రిన్సిపాలుగారడుగగా ఫ్రెంచి యని వాడు సగర్వముగా పలికెను. ఆయన వానిని జాలితో చూచి, తండ్రివైపు తిరిగి ఇట్లనెను:

"చూడండి సార్, ఫ్రెంచి నిజంగా వచ్చినవాడికి ఫ్రెంచిలో మార్కులు పడవు. మా పిల్లలు గైడు బట్టీ కొట్టి రాస్తారు, వాళ్లకి పడతాయి. మీవాడు ఆ ఊరి మాటలన్నీ పేపర్లో పెడతాడు. సంస్కృతం ఇప్పించండి, తొంభైతొమ్మిది నాదీ పూచీ."

తండ్రి అచ్చటనే సంతకము చేసెను.