హెచ్‌డీఎంఐ కేబుల్ ఆత్మకథ

ఈ ఆత్మకథ ఒకటిన్నర మీటర్ల పొడవున్న హెచ్‌డీఎంఐ కేబుల్‌ది. దీని ఒక కొస ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, మరో కొస గోడకు బిగించిన టీవీ వెనుక ఉంటుంది. ఆ రెండూ ఒకదానితో ఒకటి చెప్పుకునే ప్రతి మాటా ఈ కేబుల్ ఒంట్లోంచే వెళ్లాలి. అందుకే టీవీలో బొమ్మ రానప్పుడు లోపం ఎక్కడుందో తేల్చడానికి దీని జీవితం పనికొస్తుంది. బొమ్మ తెరమీదికి వచ్చే ముందు కొన్ని పనులు ఒక వరుసలో జరుగుతాయి. బొమ్మ రానప్పుడు వెతకాల్సింది కూడా ఆ వరుసలోనే. ఈ కేబుల్ చెప్పుకోదలచినదంతా ఈ మాటకు వివరణే.

వంశం

దీని వంశం 2002 డిసెంబరులో మొదలైంది. హిటాచీ, మత్సుషిత, ఫిలిప్స్, సిలికాన్ ఇమేజ్, సోనీ, థామ్సన్, తోషిబా అనే ఏడు కంపెనీలు కలిసి హెచ్‌డీఎంఐ ప్రమాణం తొలి రూపాన్ని అప్పుడే వెలువరించాయి. అంతకుముందు కంప్యూటర్‌ను తెరకు కలపడానికి రెండు పద్ధతులు బాగా వాడుకలో ఉండేవి. 1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో వచ్చిన వీజీఏ పదిహేను పిన్నులతో అనలాగ్ బొమ్మను మోసేది. 1999లో వచ్చిన డీవీఐ డిజిటల్ బొమ్మను మోసేది. ఈ రెండు పద్ధతుల్లోనూ శబ్దానికి వేరే తీగ వేసుకోవాల్సి వచ్చేది. హెచ్‌డీఎంఐ బొమ్మనూ శబ్దాన్నీ ఒకే తీగలోకి తెచ్చింది. బొమ్మను పంపే పద్ధతి డీవీఐ నుంచే తీసుకోవడం వల్ల ఆ రెండింటినీ కలిపే అడాప్టర్ చాలా సాదాగా ఉంటుంది. వీజీఏ సంగతి వేరు. అనలాగ్‌ను డిజిటల్‌గా మార్చే సర్క్యూట్ ఉన్న కన్వర్టర్ లేనిదే పాత ల్యాప్‌టాప్ వీజీఏ పోర్ట్ నుంచి టీవీ హెచ్‌డీఎంఐకి బొమ్మ వెళ్లదు.

తరం మారినకొద్దీ సామర్థ్యం పెరిగింది. 2006 నాటి 1.3 రూపం సెకనుకు 10.2 గిగాబిట్ల దాకా మోయగలిగింది. 2009లో వచ్చిన 1.4తో 4కె బొమ్మను సెకనుకు 30 సార్లు పంపడం సాధ్యమైంది. 2013లో 2.0 ఆ హద్దును 18 గిగాబిట్లకు, 2017లో 2.1 దాన్ని 48 గిగాబిట్లకు పెంచాయి. ఈ రూపాల సంఖ్యలు పోర్టులున్న పరికరాలకు వర్తిస్తాయి. కేబుళ్లను మాత్రం స్టాండర్డ్, హై స్పీడ్, ప్రీమియం హై స్పీడ్, అల్ట్రా హై స్పీడ్ వంటి రకాలుగా గుర్తిస్తారు. ఈ కేబుల్ హై స్పీడ్ రకానికి చెందింది. 1920 × 1080 బొమ్మను సెకనుకు 60 సార్లు పంపడం దీనికి తేలిక. 4కె బొమ్మను 60 సార్లు పంపాలంటే మాత్రం ప్రీమియం హై స్పీడ్ కేబుల్ కొనుక్కోవడం మంచిది.

దేహం

చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో ఒక ఫ్యాక్టరీలో ఈ కేబుల్ తయారైంది. పైన కనిపించే నల్లటి ప్లాస్టిక్ తొడుగు కింద సన్నని తీగల అల్లిక, దాని కింద అల్యూమినియం రేకు ఉంటాయి. బయటి విద్యుత్ అలజడి లోపలికి రాకుండా అవి అడ్డుకుంటాయి. అసలు పని చేసే రాగి తీగలు ఇంకా లోపల ఉంటాయి. వాటిలో నాలుగు జతలను మెలితిప్పి, ఒక్కో జతకు విడిగా రేకు చుడతారు. ఒక్కో జతలో ఒకే సంకేతం రెండు తీగల మీద ఎదురెదురు రూపాల్లో ప్రయాణిస్తుంది. టీవీ ఆ రెండింటి తేడాను మాత్రమే చూస్తుంది. దారిలో రెండు తీగలకూ సమానంగా అంటిన అలజడి ఆ తేడాలో కొట్టుకుపోతుంది.

కొసన ఉన్న ప్లగ్‌లో ఒక వరుసన పది, మరో వరుసన తొమ్మిది, మొత్తం 19 పిన్నులు ఉంటాయి. 1 నుంచి 9 వరకు ఉన్నవి బొమ్మను, దానితోపాటే శబ్దాన్ని మోసే మూడు జతలవి. 10, 11, 12 పిన్నులు ఆ మూడింటికీ వేగం చెప్పే గడియారపు జతకు చెందినవి. 13వది ఒక రిమోట్‌తో రెండు పరికరాలనూ నడపడానికి పనికొస్తుంది. 14వదాన్ని మొదట భవిష్యత్తు అవసరాల కోసం వదిలిపెట్టారు. 15, 16 పిన్నులు టీవీ వివరాలను ల్యాప్‌టాప్‌కు చేరవేస్తాయి. 17వది గ్రౌండ్, 18వది 5 వోల్టుల కరెంటు, 19వది టీవీ ఉనికిని తెలిపే పిన్ను.

బొమ్మకు ముందు జరిగేవి

రెండు కొసలూ పెట్టగానే బొమ్మ బయల్దేరదు. మొదట ల్యాప్‌టాప్ 18వ పిన్ను మీద 5 వోల్టులు పంపుతుంది. దాన్ని అందుకున్న టీవీ 19వ పిన్ను మీద వోల్టేజీ పెంచి, తానున్నానని తెలియజేస్తుంది. అప్పుడు ల్యాప్‌టాప్ 15, 16 పిన్నుల ద్వారా టీవీలోని చిన్న మెమరీని చదువుతుంది. ఆ సమాచారానికి ఈడీఐడీ అని పేరు. దీని పద్ధతిని వీఈఎస్ఏ అనే ప్రమాణాల సంస్థ 1994లో రూపొందించింది. మొదటి 128 బైట్లలో తయారీదారు గుర్తు, తెర కొలతలు, అది చూపగల బొమ్మ పరిమాణాలు ఉంటాయి. హెచ్‌డీఎంఐ టీవీల్లో దాని వెనుకే మరో 128 బైట్ల భాగం ఉండి, టీవీ ఏ రకం శబ్దాన్ని అందుకోగలదో కూడా చెబుతుంది.

ఆ వివరాలను బట్టి ల్యాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ చిప్ ఒక పరిమాణాన్ని ఎంచుకుని బొమ్మ పంపడం మొదలుపెడుతుంది. 1080 బొమ్మను 60 సార్లు పంపేటప్పుడు గడియారం సెకనుకు 14.85 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. అది కొట్టుకున్న ప్రతిసారీ బొమ్మ మోసే ఒక్కో జత మీద పది బిట్లు వెళ్తాయి. సినిమా కంపెనీలు రక్షణ కోరే దృశ్యమైతే, దాన్ని పంపే ముందు రెండు పరికరాలూ హెచ్‌డీసీపీ అనే పద్ధతిలో ఒకదాన్నొకటి నిర్ధారించుకుంటాయి. ఇదంతా సవ్యంగా సాగితే కొద్ది క్షణాల్లో ముగుస్తుంది. ఎక్కడ తెగినా తెర నల్లగానే ఉండిపోవచ్చు.

బొమ్మ రాని రోజు

ఈ కేబుల్ హైదరాబాదులో ఒక ఇంటి హాల్లోకి చేరింది. టీవీకి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ఒకటి సెట్‌టాప్ బాక్స్‌ది, మరొకటి దీనిది. 2020లో బడి పాఠాలు ఇంటికే వచ్చినప్పుడు చిన్న తెర మీద కళ్లు నొప్పిపుట్టకుండా ల్యాప్‌టాప్‌ను పెద్ద తెరకు కలిపే పని దీనికి రోజూ ఉండేది. అలాంటి ఇంట్లో బొమ్మ ఆగితే తప్పు కేబుల్‌దే అనుకుని ముందు కొత్తది కొనడం సహజం. కానీ వరుసగా చూస్తే, ఖర్చులేని కారణాలే ముందుగా ఎదురవుతాయి.

మొదట చూడాల్సింది టీవీ ఇన్‌పుట్. రిమోట్ మీద ఇన్‌పుట్ లేదా సోర్స్ బటన్ నొక్కి, కేబుల్ పెట్టిన పోర్ట్ నంబరునే ఎంచుకోవాలి. కేబుల్ హెచ్‌డీఎంఐ 2లో ఉండి టీవీ హెచ్‌డీఎంఐ 1ని చూస్తుంటే మిగతావన్నీ సరిగా ఉన్నా ఫలితం ఉండదు. తెర మీద ‘నో సిగ్నల్’ అని కనిపిస్తే టీవీ పనిచేస్తోందని, ఎంచుకున్న పోర్టుకు మాత్రం ఏమీ అందడం లేదని అర్థం.

రెండోది కొసలు. గోడకు బిగించిన టీవీ వెనుక చోటు తక్కువ కాబట్టి ప్లగ్ వంగి, సగం బయటికి వస్తుంది. రెండు కొసలనూ తీసి, సాకెట్లో దుమ్ముంటే తుడిచి, పూర్తిగా లోపలికి నొక్కాలి. ఆపైన టీవీని రిమోట్‌తో కాకుండా గోడ స్విచ్ దగ్గరే ఆపి, ఒక నిమిషం ఆగి మళ్లీ వేయాలి. రిమోట్‌తో ఆపిన టీవీలో కొన్ని సర్క్యూట్లు మేలుకునే ఉంటాయి. 19వ పిన్ను కబురు తప్పుదారి పట్టి ఉంటే ఇలా ఆపడంతో సర్దుకుంటుంది. ల్యాప్‌టాప్‌ను కూడా ఒకసారి రీస్టార్ట్ చేయాలి.

మూడోది ల్యాప్‌టాప్‌కు ఇచ్చిన ఆదేశం. విండోస్‌లో విండోస్ మీటతో పాటు పి అక్షరం నొక్కితే నాలుగు దారులు కనిపిస్తాయి: ల్యాప్‌టాప్ తెర మాత్రమే, రెండు తెరల మీదా ఒకే బొమ్మ, రెండు తెరలనూ కలిపి ఒకే పెద్ద తెరగా వాడటం, టీవీ మాత్రమే. మొదటిది ఎంచుకుని ఉంటే టీవీకి ఏమీ రాదు. మూడోది ఎంచుకుని ఉంటే టీవీలో డెస్క్‌టాప్ బొమ్మ ఒక్కటే కనిపించి, తెరిచిన సినిమా ల్యాప్‌టాప్ మీదే ఉండిపోతుంది. అది లోపం కాదు. ఆ విండోను మౌస్‌తో టీవీ వైపు లాగితే సరి. ల్యాప్‌టాప్ టీవీని అసలు గుర్తించకపోతే సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లే పేజీలో డిటెక్ట్ అనే బటన్ ఉంటుంది. మూత మూయగానే బొమ్మ పోతోందంటే ల్యాప్‌టాప్ నిద్రపోతోందని అర్థం. మూత మూసినా ఏమీ చేయకూడదని పవర్ సెట్టింగ్స్‌లో మార్చాలి.

నాలుగోది పరిమాణం. టీవీ చూపలేని పరిమాణాన్నో వేగాన్నో ల్యాప్‌టాప్ పంపితే తెర నల్లబడుతుంది, లేదా ఆ ఫార్మాట్ చెల్లదని చెబుతుంది. పాత టీవీలకు ముందుగా 1280 × 720, ఫుల్ హెచ్‌డీ టీవీలకు 1920 × 1080, వేగం 60 హెర్ట్జ్ పెట్టి చూడాలి. కొత్త పరిమాణాన్ని 15 సెకన్లలోగా ఒప్పుకోకపోతే విండోస్ దానంతట అదే పాతదానికి వెళ్తుంది కాబట్టి భయపడనక్కర్లేదు.

ఐదోది డ్రైవర్, అంటే గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్. డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ చిప్ పేరుకు బదులు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు డ్రైవర్ లేదని తెలుస్తుంది. ఆ తాత్కాలిక డ్రైవర్ రెండో తెరను నడపలేదు. ల్యాప్‌టాప్ తయారీ కంపెనీ సైట్ నుంచి ఆ మోడల్‌కు చెందిన డ్రైవర్‌ను తెచ్చి వేయాలి. డ్రైవర్ ఉన్నా మొరాయిస్తుంటే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను ఒకేసారి నొక్కితే అది మళ్లీ మొదలవుతుంది.

ఆరోది పోర్ట్, అడాప్టర్. కొత్త పలుచని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్ట్ లేక యూఎస్‌బీ-సి మాత్రమే ఉండవచ్చు. ఆ ఆకారం ఉన్న ప్రతి పోర్టూ బొమ్మను పంపదు. దానికి డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ లేదా థండర్‌బోల్ట్ వంటి సౌకర్యం ఉండాలి. అది ఉందో లేదో ఆ మోడల్ వివరాల్లోనే చూడాలి. అడాప్టర్లు ఎక్కువగా ఒకే దిశలో పనిచేస్తాయి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చేదాన్ని తిప్పి పెడితే వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మారదు.

ఇవన్నీ అయ్యాక మార్చి చూసే వంతు వస్తుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి: ముందు టీవీలో మరో పోర్ట్, తర్వాత మరో కేబుల్, తర్వాత మరో టీవీ. సెట్‌టాప్ బాక్స్ బొమ్మ అదే పోర్టులో, ఇదే కేబుల్‌తో వస్తే పోర్టూ కేబులూ పనిచేస్తున్నట్టే; వెతకాల్సింది ల్యాప్‌టాప్‌లో. రెండు మూడు ఒకేసారి మారిస్తే బొమ్మ వచ్చినా కారణం తెలియదు, మళ్లీ ఆగిన రోజు వెతుకులాట మొదటికి వస్తుంది.

బొమ్మ వచ్చినా మిగిలే తేడాలు

బొమ్మ ఉండి శబ్దం ల్యాప్‌టాప్ నుంచే వస్తుంటే, స్క్రీన్ కింద కుడి మూలన ఉన్న స్పీకర్ గుర్తు నొక్కి శబ్దం వెళ్లే చోటుగా టీవీ పేరు ఎంచుకోవాలి. డెస్క్‌టాప్ అంచులు కత్తిరించినట్టు కనిపిస్తే టీవీ బొమ్మను కొంచెం పెంచి చూపుతోందని అర్థం. టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ ఫిట్, జస్ట్ స్కాన్ వంటి పేర్లతో ఉన్న మార్పు దాన్ని సరిచేస్తుంది. డెస్క్‌టాప్ అంతా కనిపిస్తూ ఒక సినిమా యాప్‌లో మాత్రం తెర నల్లబడితే హెచ్‌డీసీపీ నిర్ధారణ కుదరలేదని అనుమానించాలి. మధ్యలో ఉన్న స్ప్లిట్టర్‌నో పాత అడాప్టర్‌నో తీసేసి, నేరుగా కలిపి చూడాలి. తెర మీద తెల్లని చుక్కలు మెరుస్తుంటే, లేదా బొమ్మ వచ్చిపోతుంటే సంకేతం బలం హద్దు దగ్గర ఉందన్నమాట. పొడవు తగ్గించడమో, మంచి రకం కేబుల్ వాడటమో, పరిమాణం ఒక మెట్టు దించడమో చేయాలి.

కరెంటు జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఎర్త్ లేని రెండు పిన్నుల ఛార్జర్ల నుంచి కొద్దిపాటి కరెంటు ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీదికి చేరుతుంది; తాకితే చిమచిమలాడేది అదే. దానికి ఎర్త్ దారి దొరికిన క్షణాన అది కేబుల్ గుండా దూకి పోర్టును దెబ్బతీయగలదు. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ వాడాలి, టీవీని, ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను స్విచ్ దగ్గర ఆపాకే కేబుల్ కలపాలి, పిడుగులు పడేటప్పుడు తీసి ఉంచాలి.

చివరి దశ

ప్రమాణం ప్రకారం ఇలాంటి ప్లగ్‌ను పదివేల సార్లు పెట్టి తీసినా తట్టుకోవాలి. ఈ కేబుల్‌కు ముప్పు ఎక్కువగా ప్లగ్ మెడ దగ్గర వస్తుంది. పదేపదే వంచితే లోపలి రాగి అక్కడే తెగుతుంది. ఏ తీగ తెగిందో లక్షణమే చెబుతుంది. 19వ పిన్ను తీగ పోతే ల్యాప్‌టాప్‌కు టీవీ ఉన్నట్టే తెలియదు. 15, 16 తీగలు పోతే టీవీ పేరు తెలియక, తక్కువ పరిమాణాలు మాత్రమే జాబితాలో కనిపించవచ్చు. బొమ్మ మోసే జతల్లో ఒకటి దెబ్బతింటే రంగులు మారతాయి, లేదా బొమ్మ నిలవదు. 13వ తీగ పోతే రిమోట్ సౌకర్యం ఒక్కటే ఆగి, బొమ్మ మామూలుగానే వస్తుంది. వంచినప్పుడు బొమ్మ వచ్చి, వదిలితే పోయే కేబుల్‌ను టేపు చుట్టి వాడటంలో లాభం లేదు. దాన్ని మార్చేయాలి. పాతదాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇస్తే లోపలి రాగి మళ్లీ వాడకంలోకి వస్తుంది.